చేలో కలుపు.. వాకిట్లో లాను!

రైతుల పేజీలో లాను గురించి రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. వేరుశనగ గురించి, చీనీ తోటల గురించి, ఎండిపోయే బోర్ల గురించి రాయాల్సిన చోట మేడల ముందు పెంచే గడ్డితో మనకేం పని అనుకోవచ్చు. పని ఉంది. ఆ గడ్డి తాగేది కూడా మన నీళ్లే. ఆ గడ్డిని నాటేది, కత్తిరించేది కూడా సేద్యం గిట్టక పట్నం చేరిన మన ఊళ్ల వాళ్లే. పైగా లాను ఇప్పుడు పట్నాల్లో పెద్దోళ్ల ఇళ్లకే పరిమితం కాలేదు. మండల కేంద్రాల్లో వేసే కొత్త లేఅవుట్లు, కల్యాణ మండపాలు, ప్రైవేటు బడులు, రోడ్డు పక్క దాబాలు.. ఎక్కడ చూసినా ముందర పచ్చగా ఒక పట్టీ కనిపించాల్సిందే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. లానులో ఎక్కువగా వేసేది మన గరికే. నర్సరీ వాళ్లు దానికి 'హరియాలి' అని పేరు పెట్టి అమ్ముతారు. చేలో అదే గరిక కనిపిస్తే రైతు గుండె గుభేలుమంటుంది. దున్నితే ముక్క ముక్కా మొలుస్తుంది, పీకితే కణుపు దగ్గర తెగి మళ్లీ లేస్తుంది. చేలో గరిక పీకేదానికి పోయిన కూలీలే ఇప్పుడు పట్నంలో గరిక నాటేదానికి కూలికి పోతున్నారు. అక్కడ చంపడానికి ఖర్చు, ఇక్కడ బతికించడానికి ఖర్చు. చేలో నీళ్లు లేకపోయినా చావనిది, ఇంటి ముందు రోజూ పైపు పట్టినా ఎందుకు ఎండుతోంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే లాను గురించి తెలుసుకోవాల్సిందంతా తెలిసినట్టే.

వాన ఒకటే, ఎండ వేరు

లాను మన అలవాటు కాదు. మనకున్నది వాకిలి. పొద్దున్నే ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేసే నేల. పక్కన ఒక వేపచెట్టో, కానుగచెట్టో, కొట్టం ముందు నాలుగు పూలమొక్కలో. ఇంటి ముందు గడ్డి మొలిస్తే ఆ ఇంట్లో మనుషులు లేరేమో అనుకునేవారు. కత్తిరించిన గడ్డి చాపను ఇంటికి అందంగా భావించడం ఇంగ్లండు నుంచి వచ్చింది. గడ్డి కోసే యంత్రాన్ని కూడా 1830లో అక్కడే కనిపెట్టారు. తెల్లదొరల బంగళాలు, క్లబ్బులు, కంటోన్మెంట్ల ద్వారా అది మన దేశానికి చేరింది. దొరలు పోయినా కలెక్టరు బంగళా ముందు, ట్రావెలర్స్ బంగళా ముందు లాను ఉండిపోయింది. అక్కడి నుంచి కాలేజీలకు, ఇప్పుడు సొంత ఇళ్లకు పాకింది.

ఒక సంగతి చెబితే చాలామంది నమ్మరు. లండన్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లే. మన అనంతపురం ప్రాంతంలో సగటున 550 మిల్లీమీటర్లు. పెద్ద తేడా లేదు. అయినా అక్కడ నీళ్లు పెట్టకుండానే చాలా నెలలు గడ్డి పచ్చగా ఉంటుంది, ఇక్కడ రెండు వారాలు చూడకపోతే ఎర్రబడుతుంది. కారణం వాన కాదు, ఎండ. అక్కడ వాన పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా పడుతుంది, చలి వల్ల పడిన తడి నేలలోనే ఉంటుంది. మనకు పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే, అదీ సెప్టెంబర్ మీదే ఆశ. మిగతా ఏడెనిమిది నెలలు ఆకాశం నుంచి వచ్చేది తక్కువ, ఎండకు, గాలికి ఆవిరయ్యేది ఎక్కువ. ఏడాది పొడవునా పచ్చగా ఉండాలంటే ఇక్కడ గడ్డికి కావాల్సిన నీరు వాన ఇచ్చే దానికి రెండింతలకు పైమాటే. ఆ తేడా అంతా బోరు నుంచి రావాలి, లేకుంటే కొళాయి నుంచి రావాలి.

బిందెల్లో లెక్క

నీటి లెక్కను మిల్లీమీటర్లలో చెబితే మనసుకెక్కదు. బిందెల్లో చెప్పుకుందాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. సెంటు నేల అంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఏప్రిల్, మే ఎండల్లో లాను పచ్చగా నిలవాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే సెంటు లానుకు రోజుకు 200 లీటర్లు. 15 లీటర్ల బిందెతో పదమూడు బిందెలు. నాలుగు నెలల ఎండాకాలానికి 24 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొంటే దాదాపు ఐదు ట్యాంకర్లు. ఇది పైపు తిన్నగా పెట్టి, చుక్క కూడా వృథా కానప్పటి మాట. మధ్యాహ్నం పూట గాలికి స్ప్రింక్లరు తిప్పే ఇళ్లలో ఎంత పోతుందో వాళ్లకే తెలియదు.

ఇప్పుడు ఈ లెక్కను మనుషులతో పోల్చి చూద్దాం. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది లక్ష్యం. అంటే సెంటు లాను ఎండాకాలంలో ముగ్గురు నలుగురు మనుషుల వాటా తాగేస్తుంది.

చేనుతో పోల్చి చూద్దాం. పెద్ద ఇళ్ల ముందు, కల్యాణ మండపాల ముందు ఐదు సెంట్ల లాను ఉండడం మామూలే. దానికి రోజుకు వెయ్యి లీటర్లు. నలభై రోజులకు 40 వేల లీటర్లు. ఎకరా వేరుశనగకు ఊడలు దిగే సమయంలో 10 మిల్లీమీటర్ల రక్షక తడి ఇవ్వాలంటే కావాల్సింది కూడా సరిగ్గా 40 వేల లీటర్లే. 2016 ఖరీఫ్‌లో వాన మొహం చాటేసి వేరుశనగ వాడిపోతుంటే రెయిన్‌గన్లు, ట్యాంకర్లు పెట్టి ఆ తడి కోసం ఎంత హడావుడి పడ్డారో జిల్లా రైతులకు గుర్తే. అందరికీ అందిందా, పంట నిలిచిందా అన్నది వేరే సంగతి. ఒక్క తడికి అంత యాతన పడిన జిల్లా ఇది.

'మా ఇల్లు, మా బోరు, మా కరెంటు బిల్లు.. మధ్యలో మీకేంది?' అని అడిగేవారు ఉంటారు. బోరు గుంత మీదే కావచ్చు. కింద నీళ్లు మీ ఒక్కరివే కావు. మన గట్టి రాతి నేలల్లో నీరు చెరువులాగా నిలిచి ఉండదు. రాతి పగుళ్లలో, సన్న చీలికల్లో ఉంటుంది. ఆ చీలిక మీ ఇంటి కింద మొదలై వీధి చివర పేదోడి చేతిపంపు కిందికి, ఊరవతల రైతు బోరు కిందికి పోతుంది. మీరు లోతుగా వేసి ఎక్కువ తోడితే పైన ఉన్న బోరు ఎండుతుంది. వెయ్యి అడుగులు వేసినా దుమ్మే లేచిన బోర్లు మన జిల్లాలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక్కో బోరు వెనకా ఒక అప్పు కథ ఉంది.

కొళాయి నీళ్లయితే మరీ అన్యాయం. అనంతపురానికి తాగునీరు పెన్నహోబిలం రిజర్వాయరు నుంచి వస్తుంది. దానికి నీరు తుంగభద్ర ఎగువ కాలువ నుంచి రావాలి. ఎక్కడో హోస్పేట దగ్గర డ్యాము నుంచి, కాలువల్లో కారిపోయేది కారిపోగా, శుద్ధి చేసి, మోటార్లతో ఎత్తిపోసి తెచ్చిన నీటిని గడ్డి మీద చల్లడం ఏ లెక్కన చూసినా తప్పే. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా ఇదే జిల్లాలో వందల గ్రామాలు ఫ్లోరైడు నీళ్లో, దూరాన బావి నీళ్లో తాగి బతికాయి. ఆ తరం వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

పక్క ఊళ్ల పాఠం

మన పిల్లలు అమెరికాలో చూసొచ్చి, ఫొటోలు పంపి, నాన్నకు ఊళ్లో అలాంటి లాను వేయించిన ఇళ్లు కూడా ఉన్నాయి. అమెరికాలోనే ఏం జరుగుతోందో కూడా వాళ్లు చెప్పాలి. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే డల్లాస్ నగరంలో 2012 నుంచి వారానికి రెండు రోజులకు మించి స్ప్రింక్లర్లు తిప్పకూడదు. ఎండాకాలం నెలల్లో పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా అసలు తిప్పకూడదు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఇంకా ముందుకు పోయారు. ఆఫీసుల ముందు, రోడ్ల పక్కన ఊరికే చూడ్డానికి పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు పెట్టకూడదని 2021లోనే చట్టం చేశారు. ఇంటి లాను తీసేసిన వాళ్లకు అక్కడి నీటి సంస్థ అడుగుల లెక్కన డబ్బు ఇస్తుంది. లాను పెంచమని కాదు, పీకేయమని!

అంత దూరం ఎందుకు? మనకు పక్కనే ఉన్న బెంగళూరులో 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి అపార్ట్‌మెంట్ల వాళ్లు ట్యాంకర్ల వెంట పడ్డారు. తాగునీటితో కార్లు కడిగినా, తోటలు తడిపినా 5 వేల రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు రైలు వ్యాగన్లలో తాగునీరు తోలుతున్న రోజుల్లో, క్రికెట్ మైదానాలకు నీళ్లు పోయడం మీద బొంబాయి హైకోర్టులో కేసు నడిచి, ఆ నెలాఖరు తర్వాతి ఐపీఎల్ ఆటలను మహారాష్ట్ర బయటికి మార్చాల్సి వచ్చింది. గడ్డికీ గొంతుకూ పోటీ వచ్చాక తీర్పు ఎటు ఉంటుందో ఎవరికైనా తెలుసు. పోటీ వచ్చేదాకా ఆగాలా అన్నదే ప్రశ్న.

అసలు వద్దా?

అలాగని ఇంటి ముందు పచ్చదనమే వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గడ్డి ఉంటే దుమ్ము లేవదు. సిమెంటు వేసిన వాకిలి కన్నా గడ్డి ఉన్న నేల చాలా చల్లగా ఉంటుంది. వాన నీరు ఇంకుతుంది. చిన్నపిల్లలు పడినా దెబ్బ తగలదు. నలుగురు కూర్చోవడానికి బాగుంటుంది. ఇంటి చుట్టూ అంగుళం వదలకుండా బండలు పరిచి, పైన పడిన వానంతా కాలువలోకి తోసే ఇంటి కన్నా కొంచెం గడ్డి పెంచే ఇల్లే మేలు. చెప్పేదేమంటే.. ఎంత పెంచాలి, ఏ గడ్డి పెంచాలి, ఏ నీళ్లతో పెంచాలి అన్నది మన వానను బట్టి, మన నేలను బట్టి ఉండాలి. ఇంగ్లండును బట్టి, ఊటీని బట్టి కాదు.

ఇంటి అవసరానికి సెంటు లాను చాలు. అరసెంటైనా మంచిదే. కూర్చునే చోట, పిల్లలు ఆడే చోట మాత్రమే గడ్డి వేసి, మిగతా చోట చెట్లు, పూల మొక్కలు పెట్టుకోవాలి. ప్రహరీ పక్కన అడుగు వెడల్పు పట్టీలు, కారు నిలిపే చోటు చుట్టూ ముక్కలు ముక్కలుగా గడ్డి వేయడం దండగ. అక్కడ పోసిన నీళ్లలో సగం బండల మీదికే పోతాయి.

గరికను మించింది లేదు

మన ఎండకు, మన ఎర్రనేలకు గరికను మించిన లాను గడ్డి లేదు. వేరు లోతుకు పోతుంది. నీళ్లు లేకపోతే పైన ఆకు ఎండబెట్టుకుని, నేలలో కణుపులు దాచుకుని నిద్రపోతుంది. వాన పడగానే లేస్తుంది. కొరియన్ గడ్డి మెత్తటి పరుపులాగా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది నిదానంగా పెరిగే రకం, ఒకసారి మాడితే ఆ మచ్చ పూడడానికి నెలలు పడుతుంది. వెడల్పు ఆకు గడ్డి నీడలో బాగుంటుంది గానీ నీళ్లు ఎక్కువ అడుగుతుంది.

చుట్టచుట్టి లారీల్లో తెచ్చి పరిచే గడ్డి చాపల విషయంలో ఒక జాగ్రత్త. ఆ గడ్డి కడియం లాంటి చోట్ల గోదావరి ఒండ్రు మట్టిలో పెరిగి వస్తుంది. దాంతో పాటు అంగుళం లోపు జిగురు మట్టి అంటుకుని ఉంటుంది. దాన్ని మన గరుసు నేల మీద అలాగే పరిస్తే రెండు మట్లూ కలవవు. పై మట్టి నీళ్లు పట్టుకుని కిందికి వదలదు, వేరు కిందికి దిగదు. అందుకే పరిచిన మూడు నెలలు పచ్చగా ఉండి, మొదటి ఎండాకాలానికే చాప చాపలుగా లేచిపోతుంది. చేలో చావని గరిక వాకిట్లో ఎందుకు చస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. చేలో దానికి లోతైన దుక్కి ఉంది. వాకిట్లో మనం దానికిచ్చింది ఇల్లు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెచ్చుల మీద అంగుళం మట్టి.

కాబట్టి నేల తయారీయే సగం సేద్యం. ఏప్రిల్, మే నెలల్లోనే అడుగు లోతు తవ్వి, ఇటుక ముక్కలు, కంకర ఏరేసి, ఎండకు వదిలేయాలి. తుంగ గడ్డలు ఈ దశలోనే ఏరేయాలి, లాను అల్లుకున్నాక తుంగను వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. తొలకరికి మొలిచిన కలుపును ఒకసారి పీకేయాలి. తర్వాత సెంటుకు 200 కిలోల దాకా బాగా చివికిన పశువుల ఎరువు, నాలుగైదు కిలోల వేప పిండి కలపాలి. దొరికితే చెరువు మట్టి కూడా తోలించుకుని బాగా కలియదవ్వాలి, పైన పొరలాగా వేయకూడదు. పచ్చి పేడ ఎరువు వేస్తే వేరుపురుగును పిలిచి పీట వేసినట్టే.

నేలను నడిచే బాట కన్నా రెండు అంగుళాలు కిందికి ఉండేలా చదును చేయాలి. చాలామంది లానును గద్దెలాగా ఎత్తి కడతారు. దానివల్ల పడిన వానంతా బయటికి పోతుంది. మడి లోపలికి ఉంటే వాన నిలిచి ఇంకుతుంది. వరిమడికి గట్టు ఎందుకో తెలిసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

నాటడానికి జులై నుంచి సెప్టెంబర్ మంచి అదను. రెండు మూడు కణుపులున్న గరిక తీగలను నాలుగు అంగుళాల దూరంలో నాటుకోవాలి. కణుపు మట్టిలో, కొస బయట ఉండాలి. గరికను సన్నగా తరిగి, పేడ నీళ్లలో కలిపి నేల మీద పూసే పద్ధతి కూడా ఉంది. వేళ్లు పట్టేదాకా రెండు మూడు వారాలు నేల తడి ఆరనీయకూడదు. వానలుంటే ఆ పని వానే చేసిపెడుతుంది. గృహప్రవేశం ముహూర్తం మార్చిలో ఉందని మార్చిలో గడ్డి నాటించడం కన్నా తెలివితక్కువ పని లేదు.

రోజూ తడిపితే చెడుతుంది

ఆ ప్రశ్నకు మిగతా సగం జవాబు నీళ్లు పెట్టే పద్ధతిలో ఉంది. చాలా ఇళ్లలో సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు పైపైన చల్లుతారు. చల్లేవాళ్లకు హాయిగా ఉంటుంది, గడ్డికి కాదు. ఆ నీరు అర అంగుళం లోతు కూడా దిగదు. తెల్లారి పది గంటలకల్లా ఆవిరైపోతుంది. వేరు తడి ఉన్న చోటికే పోతుంది కాబట్టి పైనే ఉండిపోతుంది. ఒక్క రోజు కరెంటు పోయి నీళ్లు పెట్టకపోతే మాడిపోతుంది. రోజూ అన్నం కలిపి నోట్లో పెడితే పిల్లోడికి చేతులున్నా తినడం రానట్టు, రోజూ తడిపితే గరికకు లోతుకు పోవడం రాదు.

పెడితే నిండుగా పెట్టాలి, మళ్లీ అడిగేదాకా పెట్టకూడదు. ఒక తడికి 20 మిల్లీమీటర్ల నీరు ఇస్తే ఆరు అంగుళాల లోతు తడుస్తుంది. సెంటుకు ఇది 800 లీటర్లు. మీ పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూస్తే ఎంతసేపు పెట్టాలో తెలిసిపోతుంది. నిమిషానికి బకెట్ నిండితే సుమారు 53 నిమిషాలు. స్ప్రింక్లరు ఉంటే లానులో నాలుగైదు ఖాళీ డబ్బాలు అక్కడక్కడా పెట్టి, వాటిలో రెండు సెంటీమీటర్ల నీరు చేరేదాకా తిప్పాలి. నేల పీల్చుకోక నీరు బయటికి పారుతుంటే ఆపి, గంట తర్వాత మిగతాది పెట్టాలి. మరుసటి రోజు ఒక ఇనుప చువ్వ గుచ్చి చూస్తే తడి ఎంత దూరం దిగిందో తెలుస్తుంది. తడి ఉన్నంత దాకా చువ్వ సులువుగా దిగుతుంది.

మళ్లీ ఎప్పుడు పెట్టాలో గడ్డే చెబుతుంది. గడ్డి మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. అడుగు పడిన చోట గడ్డి వెంటనే లేస్తే నీళ్లు అక్కర్లేదు. అడుగు జాడ అలాగే ఉండి, ఆకు కొంచెం బూడిద రంగులోకి తిరిగితే పెట్టాలి. నీళ్లు పెట్టడానికి తెల్లవారుజాము నుంచి ఏడు గంటల లోపు మంచి సమయం. ఎండెక్కాక పెట్టకూడదు.

కోత, ఎరువు, చీడ

లాను ఎంత పొట్టిగా కోస్తే అంత అందమని మాలీలకు చెప్పేవాళ్లే ఎక్కువ. ఎండాకాలంలో అదే గడ్డికి శాపం. ఆకు తన నేలకు తానే నీడ. మామూలు రోజుల్లో ఒకటి, ఒకటిన్నర అంగుళం ఎత్తున కోసినా, మార్చి నుంచి రెండు, రెండున్నర అంగుళాలు ఉంచాలి. ఒక కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. కత్తి పదును లేకపోతే ఆకు తెగదు, చిరుగుతుంది. చిరిగిన కొసల నుంచి ఎండడం మొదలవుతుంది. కోసిన సన్న గడ్డిని అక్కడే వదిలేస్తే నేలకు కప్పుగా ఉండి, చివికి ఎరువవుతుంది. ఎక్కువ పొడుగు ఉంటే పక్కింటి ఆవుకో, మేకకో వేయండి. మందులు చల్లిన గడ్డి మాత్రం వేయకూడదు.

ఎండాకాలంలో యూరియా వేయకూడదు. పచ్చబడుతుందని వేస్తారు గానీ, ఎరువు వేసిన గడ్డి నీళ్లు ఇంకా ఎక్కువ అడుగుతుంది. వానాకాలంలో నేల తడిగా ఉన్నప్పుడు సెంటుకు 400 గ్రాముల చొప్పున రెండు సార్లు చాలు. చివికిన ఎరువు జల్లెడ పట్టి పలుచగా చల్లితే యూరియా అవసరం ఇంకా తగ్గుతుంది.

వేరుశనగ రైతును పీడించే వేరుపురుగే లానునూ పీడిస్తుంది. తొలకరి వానలకు పెంకుపురుగులు లేచి వేపచెట్ల మీద చేరతాయి. వాటి పిల్లపురుగులు ఆగస్టు తర్వాత వేళ్లు కొరుకుతాయి. పట్టుకుని లాగితే గడ్డి దుప్పటిలాగా లేచి వస్తుంటే అది నీళ్ల కరువు కాదు, వేరుపురుగు. తొలి వానల రోజుల్లో రాత్రిపూట దీపాల దగ్గరికి, వేపచెట్లకు చేరే పెంకుపురుగులను ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయడం, చివికిన ఎరువులో మెటారైజియం శిలీంధ్రాన్ని కలిపి చల్లడం మంచి పద్ధతులు. గుళికల మందులు పిల్లలు ఆడుకునే చోట వేయకపోవడమే మేలు.

వాడిన నీళ్లే లానుకు

లానుకు కొత్త నీళ్లు పెట్టొద్దు. ఇది నియమంగా పెట్టుకోవాలి. నలుగురున్న ఇంట్లో స్నానాలకు, బియ్యం కడగడానికి, కూరగాయలు కడగడానికి వాడిన నీళ్లు రోజుకు వంద, రెండొందల లీటర్లు సులువుగా ఉంటాయి. వాటిని మురుగు కాలువలోకి వదలకుండా ఒక చిన్న గుంతలో ఇసుక, కంకర వేసి, అంచున మెట్టతామర నాటి, అక్కడి నుంచి లానుకు మళ్లిస్తే సరిపోతుంది. బట్టలుతికిన మొదటి నీళ్లలో సోడా ఉప్పు ఎక్కువ, అవి వద్దు. జాడించిన నీళ్లు పర్వాలేదు. నీళ్లు నిలవ పెట్టి వాసన రానీయకూడదు, ఏ రోజువి ఆ రోజు వాడేయాలి.

ఇప్పుడు ప్రతి ఇంట్లో తాగునీటి ఫిల్టర్లు వచ్చాయి. అవి వదిలేసే నీళ్లను వృథా చేయకూడదని కొందరు లానుకు పెడుతున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ నీళ్లలో ఉప్పు బోరు నీటి కన్నా ఎక్కువ. రోజూ అదే పెడితే నేల మీద తెల్లగా పొర కట్టి, గడ్డి కొసలు మాడతాయి. వాటిని ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవడం మేలు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవి నిశ్చింతగా పోయొచ్చు. తెల్ల పొర కట్టిన లానులో మట్టి పరీక్ష చేయించి, చౌడు అని తేలితేనే జిప్సం వేయాలి.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద మన వానలకు ఏడాదికి 50 వేల లీటర్ల నీరు పడుతుంది. అందులో 40 వేలు పట్టినా, సెంటు లాను ఎండాకాలమంతా తాగే 24 వేల లీటర్ల కన్నా ఎక్కువే. 2000లో 'నీరు–మీరు' రోజుల్లో ఇంకుడుగుంతలు తవ్వారు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. గుంతలు చాలావరకు చెత్తతో పూడిపోయాయి, చట్టం కాగితాల్లో ఉంది. లాను కావాలనుకున్న ఇల్లు ముందు ఇంకుడుగుంత తవ్వాలి. నేలకు ఇచ్చాకే నేల నుంచి తీసుకోవాలి.

ఎండితే పరువు పోదు

చివరగా అసలు మాట. ఎండాకాలంలో గరిక ఎర్రబడితే చచ్చిపోయినట్టు కాదు. అది దాని స్వభావం. మార్చి నుంచి నిండు తడులు ఆపేసి, రెండు వారాలకోసారి సెంటుకు 500 లీటర్లు పెడితే చాలు, కణుపులు బతికి ఉంటాయి. నాలుగు నెలలకు 4 వేల లీటర్లు. పచ్చగా ఉంచడానికి పట్టే 24 వేలలో ఆరో వంతు. తొలకరికి దానంతట అదే లేస్తుంది. ఆ నాలుగు నెలలూ దాని మీద ఎక్కువ నడవకుండా, కోయకుండా ఉంటే చాలు. మన చేలు ఎండాకాలంలో ఎర్రగా ఉంటే ఎవరూ సిగ్గుపడరు. వాకిలి మాత్రం ఎందుకు పచ్చగా ఉండాలి?

ఈ పని ముందు ప్రభుత్వ కార్యాలయాల్లో మొదలు కావాలి. కరువు మీద సమీక్ష జరిగే భవనం ముందర స్ప్రింక్లరు తిరుగుతుంటే, అర్జీ పట్టుకుని వచ్చిన రైతుకు ఎలా ఉంటుందో అధికారులు ఆలోచించాలి. ఎండాకాలంలో కార్యాలయాలు, కాలేజీలు, కల్యాణ మండపాల లానులకు తాగునీరు, బోరు నీరు వాడకుండా పురపాలక సంఘాలు తీర్మానాలు చేయాలి. వాడిన నీటిని శుద్ధి చేసి ఇవ్వగలిగిన చోట అదే ఇవ్వాలి. కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కు స్థలంలో ఎంత గడ్డి, ఎన్ని చెట్లు అని అడగాలి. ఒక వేపచెట్టు మొదటి రెండు మూడేళ్లు సాకితే తర్వాత మనల్ని నీళ్లు అడగదు, వందేళ్లు నీడనిస్తుంది. లాను బతికినన్నాళ్లూ అడుగుతూనే ఉంటుంది. నర్సరీల వాళ్లు కూడా గడ్డి అమ్మేటప్పుడు అది ఎన్ని నీళ్లు తాగుతుందో కొనేవాళ్లకు చెప్పాలి. లానులు చూసే మాలీలకు నీటి లెక్క, కోత ఎత్తు నేర్పడానికి కృషి విజ్ఞాన కేంద్రాలు రెండు రోజుల శిక్షణ పెట్టినా చాలు. వాళ్లకు గిరాకీ పెరుగుతుంది, ఊరికి నీళ్లు మిగులుతాయి.

వినాయక చవితికి గరిక లేనిదే పూజ లేదు. దాన్ని పూజించే వాళ్లం, పీకే వాళ్లం, పెంచే వాళ్లం అందరం ఒకే బావి నీళ్లు తాగే వాళ్లమే. పెంచుకునే వాళ్లు దానికి దాని బతుకు నేర్పించి వదిలేస్తే చాలు, అది కరువును తట్టుకుంటుంది. తట్టుకోలేనిది, వీధి చివర ఖాళీ బిందె పట్టుకుని ట్యాంకరు కోసం చూసే మనిషే.